సమస్య: విలువ లేని పలకె గెలుపుఁ దెచ్చె

ఈ పక్షం ఇచ్చిన సమస్య ఆటవెలది నాలుగో పాదం. "విలువ", "గెలుపు" అన్న మాటల్లో రెండో అక్షరంగా లకారం ఉంది కనుక ఇక్కడ ప్రాసయతి చెల్లింది. ఇంగ్లీషు అక్షరాల బిళ్లలను బల్లమీది గడులలో మాటలుగా పేర్చే స్క్రాబుల్ ఆటలో మనం బిళ్లలని పిలిచే వాటినే పద్యం కోసం పలకలన్నాను. ఆ అర్థాన్నే పట్టుకోవాలన్న నియమం పెట్టలేదు గాని, వచ్చిన పూరణలలో అధికభాగం ఆ ఆట చుట్టూనే తిరిగాయి. నాలుగింటిని మాత్రమే ఇక్కడ చర్చిస్తున్నాను.

మొదటి పూరణ (నల్లగొండ)

నూరు పలకలందు వేరైన దొక్కటి
యక్షరమ్ము లేక యంకె లేక
యేడు గడులు నిండి యేబది చేకూర
విలువ లేని పలకె గెలుపుఁ దెచ్చె

సమస్యలోని చిక్కుముడిని సూటిగా విప్పిన పూరణ ఇది. చేతిలోని ఏడు పలకలనూ ఒకే ఎత్తులో పేర్చిన ఆటగానికి అదనంగా 50 పాయింట్లు దక్కుతాయన్న సంగతిని మూడో పాదంలో ఇమిడ్చిన తీరు ముచ్చటగా ఉంది. అయితే 100 పలకల సంచిలో ఖాళీ పలకలు (పాయింట్లు లేకపోయినా ఏ అక్షరంగానైనా వాడుకోదగినవి) రెండుండగా కవిగారు "ఒక్కటి" అన్నారు. పైగా రెండో పాదం క్రియ లేకుండా వేలాడుతోంది.

కవి సమాధానం: సంచిలో రెండున్న మాట నిజమే గాని, ఆ రోజు నా చేతికి వచ్చింది ఒక్కటే నండి. అప్పుడు నా దగ్గర "రెటినా" అన్న మాటకు కావలసిన ఆరు అక్షరాలున్నాయి. ఖాళీ పలకను ఎస్‌గా వాడితే "రెటినాస్", "రెటైన్స్", "నాస్టియర్" మూడూ అవే ఏడు అక్షరాలతో వస్తాయి కనుక, బల్లమీద ఏ మాట ఇముడుతుందో చూసుకోవడమే మిగిలింది. క్రియ గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను.

రెండో పూరణ (వనపర్తి)

బలప మరిగిపోయి పగిలిన పలకపై
నమ్మ దిద్దె నాకు నచ్చు హల్లు
పోటి గడులలోనఁ బొందుగాఁ బేర్చితి
విలువ లేని పలకె గెలుపుఁ దెచ్చె

పలకను బడిపలకగా మార్చి, ఆటనూ విడవకుండా నడిపిన ఈ అమ్మగారి ఊహ నాకు ఎంతో నచ్చింది. నచ్చనిది "నచ్చు" ఒక్కటే. "నాకున్ + అచ్చు" అని విడదీయవలసిన చోట, పాఠకుడు "నాకు నచ్చిన హల్లు" అని చదువుకొని ముందుకు సాగిపోతాడు. ఆ పాదాన్ని "నమ్మ దిద్దినట్టి యచ్చు హల్లు" అని మార్చితే యతికి భంగం రాదు, మూడో పాదంలోని "పేర్చితి"కి కర్మ కూడా దొరుకుతుంది.

గద్వాల సభ్యుని ప్రశ్న: అమ్మ దిద్దించినవి తెలుగు అచ్చులు, గడులలో పేర్చినవి ఇంగ్లీషు అక్షరాలు. ఈ రెండింటికీ పొత్తు ఎట్లా కుదిరింది?

ఆమె సమాధానం: అక్షరాన్ని అక్షరంగా చూడడం ఏ భాషలో నేర్చినా ఒకటే గదా, అన్నా! మీరు చెప్పిన సవరణను తీసుకుంటున్నాను.

మూడో పూరణ (నాగర్‌కర్నూల్)

కలప తారుమారు గావించి చూడగా
పలక పుట్టు నట్లె పడక కడప
మార్చి మార్చి చూచు మదిలోనె లాభమ్ము
విలువ లేని పలకె గెలుపుఁ దెచ్చె

మూడక్షరాల మాటలను తిప్పి చూపిన ఈ చమత్కారం అపురూపమైనది. మన లిపిలో గుణింతాలు, వత్తులు అడ్డుపడుతాయి కనుక, ఏ గుణింతమూ లేని "కలప" వంటి మాటను ఏరుకోవడంలోనే ఈ యువకవి నేర్పు కనబడుతోంది. అయినా మొదటి మూడు పాదాలు నాలుగో పాదాన్ని ముట్టుకోనే లేదు. పలక వచ్చింది గాని, దానికి విలువ ఎందుకు లేదో, అది ఎవరిని గెలిపించిందో చెప్పకపోతే సమస్య సమస్యగానే మిగిలిపోతుంది.

నాలుగో పూరణ (గద్వాల)

పదులు రెండు పట్టి పంతాన నుంటిని
వానికేమొ చిక్కె వట్టి పలక
కడకు లెక్క చూడఁ గడచిపోయెను వాఁడు
విలువ లేని పలకె గెలుపుఁ దెచ్చె

ఈసారి నా ఓటు దీనికే. మిగిలినవారు తమ గెలుపును చెప్పుకోగా, ఈయన తన ఓటమిని చెప్పుకొని సమస్యకు రెండు వైపులా న్యాయం చేశారు. పది పాయింట్ల పలకలు క్యూ, జెడ్ రెండే. ఆట ముగిసేసరికి అవి చేతిలో మిగిలితే మన లెక్కలోంచి 20 పోతాయి, ముందుగా ముగించినవాని లెక్కలో అదే 20 చేరుతుంది, అంటే తేడా 40 అవుతుంది. ఖాళీ పలక తానుగా ఒక్క పాయింటూ తేదు, మిగిలిన పలకలు కదిలేందుకు దారి మాత్రమే ఇస్తుంది. "పదులు రెండు" అన్నది ఆట తెలియనివారికి ఇరవై రూపాయలుగా తోచవచ్చునన్న ఒక్క సందేహం తప్ప ఇందులో పట్టదగిన తప్పు నాకు కనబడలేదు.

వనపర్తి సభ్యురాలి ప్రశ్న: క్యూ, ఐ అన్న రెండక్షరాల మాట చెల్లుతుంది గదా, అన్నా! బల్లమీద ఐ లేకుండెనా?

కవి సమాధానం: ఉండెనమ్మా, రెండుచోట్ల ఉండె. క్యూ పక్కన యు రావలసిందేనని కూర్చున్నాను. నాలుగు యు లూ అప్పటికే బల్లమీదికి వచ్చి ఉన్నాయని ఆట అయిపోయి, మా ఇంటావిడ పాత గద్వాల చీర ముక్కతో కుట్టిన సంచిలోకి పలకలు తిరిగి పోసుకునేటప్పుడు గాని చూసుకోలేదు. పద్యంలో "పంతాన" అన్నది అందుకే.

వచ్చే పక్షానికి సమస్యను మూడో పూరణకర్త పుణ్యమా అని ఆయన మాటల్లోంచే తీశాను. మన దిక్కు కడప అంటే గుమ్మం అన్న సంగతిని మరవకుండా పూరించగలరు:

కడప దాటి పోయెఁ బడక నేడు