1742 నాటి ఆమ్‌స్టర్‌డామ్ పెళ్లి నమోదులో రెండు తేదీలు: పెళ్లి ఎప్పుడు జరిగినట్టు?

ప్రశ్న:
నా భార్య పూర్వీకుల వంశవృక్షం సిద్ధం చేస్తున్నాను. ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టరులో ఒక జంట 1742 ఏప్రిల్ 7న నమోదైంది. అవే పేర్లు నగరం పక్కనే ఉన్న స్లోటర్‌డైక్ గ్రామ చర్చి పుస్తకంలో ఏప్రిల్ 29 తేదీతో కనిపించాయి. వరుడు ఓస్నాబ్రూక్ (నేటి జర్మనీలోని నగరం) నుంచి వచ్చినవాడనీ, వయసు 26 అనీ, తల్లిదండ్రులు లేరనీ రాశారు. వధువు వెంట తల్లి వచ్చింది. వరుడు సంతకం చేయగా, వధువు గుర్తు మాత్రం వేసింది. వీరు ఒకే జంటా, వేర్వేరు జంటలా? వరుడి తండ్రి పేరు లేదు, అతని పేరు చివర హెన్‌డ్రిక్స్ అని మాత్రం ఉంది.

మొదటి సమాధానం:
ఒకే జంట అనే నా అభిప్రాయం. ఏప్రిల్ 7 నాటిది పెళ్లి కాదు, ఒండర్‌ట్రౌ, అంటే పెళ్లి చేసుకోబోతున్నామని అధికారుల ముందు చేసిన ప్రకటన. ఆ తర్వాత వరుసగా మూడు ఆదివారాలు పేర్లు బహిరంగంగా చదివి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతేనే పెళ్లికి అనుమతించేవారు. ఏప్రిల్ 7 శనివారం కనుక, ఆ ఆదివారాలు 8, 15, 22 అవుతాయి; 29న పెళ్లి జరగడం ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. వేరే ఊరిలో పెళ్లి చేసుకోదలచినవారు ప్రకటన పూర్తయిందన్న ధ్రువపత్రాన్ని అక్కడికి తీసుకువెళ్లేవారు. కాబట్టి వంశవృక్షంలో రెండు తేదీలనూ విడివిడిగా, వాటి స్వభావం తెలిసేలా నమోదు చేయండి.

ఆ నమోదు చర్చి రిజిస్టర్లలో ఉందా, నగర భవనం రిజిస్టర్లలో ఉందా అన్నది కూడా తప్పక చూడండి. హాలండ్‌లో 1580 నాటి శాసనం ప్రకారం రిఫార్మ్‌డ్ (సంస్కరణవాద ప్రొటెస్టంట్) చర్చిలోనో, న్యాయాధికారుల ముందో చేసుకున్న పెళ్లే చెల్లేది. అందుకే కాథలిక్కులు, లూథరన్లు అధికారుల ముందు పెళ్లి చేసుకుని, తమ మతాచారం ప్రకారం మరోసారి జరుపుకోవడం మామూలే. అలాంటి కుటుంబాల్లో మూడో తేదీ కూడా దొరకవచ్చు.

రెండో సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూ తండ్రి పేరు సంగతి చెబుతాను. హెన్‌డ్రిక్స్ అంటే తండ్రి పేరు హెన్‌డ్రిక్ అయి ఉండవచ్చు, లేదా అప్పటికే స్థిరపడిన ఇంటిపేరు కావచ్చు. పిల్లల బాప్తిస్మ నమోదులు చూడకుండా నిర్ణయించవద్దు. ఓస్నాబ్రూక్ అన్నది కూడా అతను చెప్పిన స్వస్థలమే. నగరమో, దాని పరిసర గ్రామమో ఖాయంగా తెలియదు. హాలండ్‌లో 1695 నుంచి పెళ్లికి పన్ను ఉండేది: స్తోమతును బట్టి 30, 15, 6 లేదా 3 గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు), పేదలకు మినహాయింపు. ఆ పన్ను రిజిస్టరులోని తరగతి చూస్తే కుటుంబ స్థితి అర్థమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ఈ దంపతుల మనవడి పెళ్లి 1819లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనే జరిగింది. దాని నుంచి వెనక్కి వెళ్లగలమా?

రెండో సమాధానం ఇచ్చినవారు:
తప్పకుండా వెళ్లగలరు. 1811 నుంచి అక్కడ పౌర నమోదు, అంటే జనన, మరణ, వివాహాలను ప్రభుత్వమే నమోదు చేసే పద్ధతి, ఉంది. పెళ్లి పత్రంలో ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లు, వృత్తులు, నలుగురు సాక్షుల వివరాలు ఉంటాయి. అంతకన్నా విలువైనవి పెళ్లి కోసం దాఖలు చేసిన అనుబంధ పత్రాలు. వాటిలో బాప్తిస్మ నకలు, తల్లిదండ్రులు చనిపోయి ఉంటే వారి మరణ నకళ్లు, కొన్నిసార్లు తాతల మరణాధారాలు కూడా ఉంటాయి. వరుడి సైనిక ధ్రువపత్రం దొరికితే అతని ఎత్తు, కళ్ల రంగు, ముక్కు తీరు సైతం తెలుస్తాయి. పత్రం సారాంశంతో ఆగకుండా ఈ అనుబంధాల స్కాన్లు ఒక్కొక్కటీ తెరిచి చదవండి.