మంచి పనివాళ్లు అలసిపోయి వెళ్లిపోతున్నారు, పైవాళ్లు ఏమి చేస్తే ఆగుతుంది?

నీలిమేఘం:
మా బృందంలో బాగా పనిచేసే ఇద్దరు వెంటవెంటనే రాజీనామా చేశారు. జీతం గురించి కాదని ఇద్దరూ చెప్పారు. యాజమాన్యం కంగారుపడి సాయంత్రాలు ధ్యానం తరగతులు పెట్టింది. దాంతో ఇంటికి వెళ్లడం ఇంకో గంట ఆలస్యమవుతోంది. ఇంకెవరు వెళ్లిపోతారోనని దిగులుగా ఉంది. మీ దగ్గర నిజంగా పనిచేసినవి చెప్పండి.

చదువరి:
ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నవుట్‌ను, అంటే పని వల్ల పూర్తిగా అలసిపోవడాన్ని, జబ్బుగా కాక, వృత్తికి సంబంధించిన స్థితిగా చేర్చారు. చాలాకాలంగా అదుపు చేయని పని ఒత్తిడి నుంచి వస్తుందని అందులో ఉంది. సత్తువ ఉడిగిపోవడం, పనిమీద మనసు విరిగిపోవడం, చేసే పనిలో ఫలితం తగ్గడం దాని లక్షణాలు. కారణం పనిలో ఉంటే ధ్యానం దాన్ని ఎలా తీసేస్తుంది? ఈ విషయంపై పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లీటర్ పనిభారంతోపాటు పనిమీద స్వేచ్ఛ, గుర్తింపు, తోటివారితో సఖ్యత, న్యాయం, విలువలు కూడా చూడాలన్నారు.

తెల్లచీర:
నేను నర్సును. ఆ స్వేచ్ఛ సంగతి అక్షరాలా నిజం. మాకు రేపటి డ్యూటీ ఈరోజు సాయంత్రం తెలిసేది. కొత్త ఇన్‌ఛార్జి సిస్టర్ వచ్చాక నెల మొత్తం చార్టు ముందే గోడకు అంటిస్తున్నారు. ఇద్దరం ఒప్పుకుంటే డ్యూటీలు మార్చుకుని చార్టులో మేమే రాసుకోవచ్చు. రాత్రి డ్యూటీ దిగినవారికి మర్నాడు పగలు వేయరు. రోగుల సంఖ్య తగ్గలేదు. అయినా బదిలీ అడిగేవారు తగ్గారు.

వంతెన:
నేను చిన్న బృందానికి లీడ్‌ను. ఎవరైనా సెలవు అడిగితే వారి చేతిలోని పనులన్నీ వరుసగా రాసి, ఒక్కోదాని పక్కన ఎవరు చూస్తారో పేరు రాస్తాను. ఎవరి పేరూ రాయలేని పని వాయిదా పడుతుంది. ఆ మాట క్లయింటుకు నేనే చెబుతాను. ఇది చేయకపోతే సెలవు నుంచి వచ్చినవారికి రెట్టింపు పని ఎదురవుతుంది, ఇక వారు సెలవే అడగరు. పైనుంచి కొత్త పని వచ్చినప్పుడు కూడా, దీనికోసం ఏది ఆపమంటారని అడుగుతాను. మొదట్లో చిరాకుపడ్డారు, ఇప్పుడు వారే చెబుతున్నారు.

ఒంటిచేయి:
వంతెన గారూ, మా దగ్గర ఉన్నదే నలుగురం. ఒకరి పని మరొకరికి రాదు. వాయిదా వేస్తే కస్టమరు చేజారతాడు.

వంతెన:
అలాంటి చోట ఒక్కరు మంచమెక్కినా పని మొత్తం ఆగుతుంది కదండీ. పనివేళల్లోనే కొంత సమయం తీసి పక్కవారి పని నేర్పించండి. నెమ్మదిగానే సాగుతుంది, కానీ వేరే దారి నాకు కనిపించలేదు.

చదువరి:
రాత్రిపూట సందేశాల సంగతి కూడా చూడండి. ఫ్రాన్సులో 2017 నుంచి 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు పనివేళల తర్వాత ఫోనుకు దూరంగా ఉండే హక్కుపై ఉద్యోగుల ప్రతినిధులతో చర్చించాలి. చట్టం లేని చోట పై అధికారి అలవాటే చట్టం. మా అధికారి రాత్రి రాసినవి ఉదయం చేరేలా పంపుతారు.

నీలిమేఘం:
అందరికీ కృతజ్ఞతలు. వెళ్లిపోయిన ఇద్దరి పనులూ ఇప్పుడు నా పక్కనున్న అమ్మాయి ఒక్కతే చూస్తోంది. వంతెన గారు చెప్పినట్టు ఆ పనుల జాబితా రాసి, ఏవి ఆపాలో సోమవారం మేనేజరును అడుగుతాను.