థైమస్ లోబ్ కల్చర్‌లో పెప్టైడ్ బ్యాచ్ మారితే ఫలితం మారుతోంది, మీకూ ఇలాగే ఉందా?

సిరి_ఇమ్యునో:
అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ చేస్తున్నాను. ఓటీ-1 ఎలుక (టీ కణాలు దాదాపు అన్నీ ఒకే రిసెప్టర్‌తో ఉండేలా జన్యువు మార్చిన ఎలుక) పిండాల థైమస్ (టీ కణాలు ఎదిగే గ్రంథి) లోబ్‌లను కల్చర్‌లో పెట్టి, పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) కలిపి, వారం తర్వాత సీడీ8 కణాలు (రోగం సోకిన కణాలను చంపే టీ కణాలు) ఎన్ని వచ్చాయో చూస్తాం. కొత్త బ్యాచ్ పెప్టైడ్ వచ్చిన దగ్గర్నుంచి సీడీ8 కణాలు సగానికి పడిపోయాయి. మోతాదు మార్చలేదు. కల్చర్ బాగోలేదని గైడ్ గారంటున్నారు, నా అనుమానం పెప్టైడ్ మీదే. ఈ పని చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

థైమస్_రఘు:
ముందు ఏ పెప్టైడో చెప్పండి సిరి గారూ, అంతా దాని మీదే ఉంది. ఓటీ-1 రిసెప్టర్ గుర్తుపట్టే అసలు ముక్క గుడ్డు తెల్లసొనలోని ఓవాల్బుమిన్ అనే ప్రోటీన్ నుంచి వచ్చే ఎనిమిది అమైనో ఆమ్లాల సిన్‌ఫెకిల్. అది థైమస్‌లో ఉంటే లేత కణాలు చచ్చిపోతాయి. అందులో ఒక్క ఆమ్లం మారిస్తే కథే వేరు. 1994లో హాగ్‌క్విస్ట్, బెవన్ వాళ్ల బృందం చూపించింది ఇదే: ఎదిగిన టీ కణాలకు అడ్డుపడే మారు పెప్టైడ్‌లు, లేత కణాలను మాత్రం బతికించి సీడీ8 వైపు నడిపించాయి. నాలుగో స్థానంలో ఆస్పరజిన్ తీసి త్రియోనిన్ పెట్టిన టీ4 సరిగ్గా సరిహద్దు మీద ఉంటుందని 2006లో తేలింది. బతకడానికీ చావడానికీ మధ్య తేడా అంత సన్నం. ఈ రంగంలో నన్ను కట్టిపడేసింది ఆ విషయమే.

సిరి_ఇమ్యునో:
ఈ1 అండీ. మొదటి సెరిన్ బదులు గ్లుటామిక్ ఆమ్లం. మా ఎలుకలకు బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ (కణం పైన పెప్టైడ్‌ను పట్టి చూపించే ఎమ్‌హెచ్‌సీ అణువు నిలబడటానికి కావాల్సిన ప్రోటీన్) లేదు కాబట్టి దాన్ని కూడా కలుపుతున్నాం. పెప్టైడ్ 20 మైక్రోమోలార్.

బెంచ్_కౌముది:
అయితే నాదీ మీ అనుమానమే. లెక్క వేసి చూడండి. 20 మైక్రోమోలార్ ఈ1లో వెయ్యో వంతు సిన్‌ఫెకిల్ కలిసినా అది 20 నానోమోలార్. ఓటీ-1 కణాలకు అది చాలా ఎక్కువ. ఒకే మెషీన్ మీద వరసగా రెండు పెప్టైడ్‌లు చేస్తే ఇలా కలిసే వీలుంది. 95 శాతం ప్యూరిటీ అని రాసి ఉన్నా ఆ మిగిలిన ఐదులో ఏముందో దాన్నిబట్టి తెలియదు.

ఇంకో సంగతి. ప్యూరిటీ వేరు, పొడి బరువులో పెప్టైడ్ ఎంత అనేది వేరు. పొడిలో నీరు ఉంటుంది, ట్రైఫ్లోరోఎసిటేట్ ఉప్పు ఉంటుంది. ఒక మిల్లీగ్రాము తూచామంటే అంతా పెప్టైడే అనుకోకూడదు. ఆ ఉప్పు కణాల పెరుగుదలనూ మారుస్తుంది. మా ల్యాబ్‌లో ఎసిటేట్ రూపంలో తెప్పించుకోవడం మొదలుపెట్టాక బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా బాగా తగ్గింది.

థైమస్_రఘు:
కౌముది గారు చెప్పింది నిజం. మోతాదు తేడా కూడా చిన్నది కాదు. ఒకే పెప్టైడ్ కొద్దిగా ఇస్తే కణాలు బతికి, ఎక్కువ ఇస్తే చచ్చిపోయాయని 1994లోనే వేరే ఎలుకల మీద తేలింది.

ఆర్‌ఎంఏ-ఎస్ కణాలున్నాయా మీ దగ్గర (బయటి నుంచి పెప్టైడ్ ఇస్తేనే ఎమ్‌హెచ్‌సీ పైన నిలబడే ఎలుక కణాలు)? వాటిని రాత్రంతా 26 డిగ్రీల దగ్గర ఉంచి, పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ వేర్వేరు మోతాదుల్లో కలిపి, 37కి మార్చి, పైన హెచ్-2కేబీ (సిన్‌ఫెకిల్‌ను పట్టే ఎమ్‌హెచ్‌సీ) ఎంత నిలబడిందో చూడండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే బరువు తేడా లేనట్టే. తర్వాత ఓటీ-1 ప్లీహం కణాలకు అదే ఇచ్చి సీడీ69 (టీ కణం మేల్కొంటే పైకి వచ్చే గుర్తు) చూడండి. కొత్త బ్యాచ్‌కే కణాలు లేచి కూర్చుంటే సిన్‌ఫెకిల్ కలిసిందని అనుమానించొచ్చు.

పల్నాటి_అమ్మ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకు పుట్టిన కొన్నాళ్లకే గుండె ఆపరేషన్ అయింది. దారికి అడ్డమని థైమస్ కొంత తీసేశామన్నారు. ఆన్‌లైన్‌లో "థైమస్ పెప్టైడ్" క్యాప్సూల్స్ కనిపించాయి. ఇమ్యూనిటీ పెరుగుతుందట. వాడొచ్చా?

థైమస్_రఘు:
వద్దమ్మా, దయచేసి పాపకు ఇవ్వకండి. మేం మాట్లాడుకునే పెప్టైడ్‌లు ఎమ్‌హెచ్‌సీ గాడిలో కూర్చుని లేత కణాలకు కనిపించేవి. ఆ గాడికి ఎనిమిది నుంచి పది ఆమ్లాల పొడవు కావాలి. అలా అమ్మేవాటిలో కొన్ని రెండు మూడు ఆమ్లాల ముక్కలే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఖావిన్‌సన్ బృందం పనిచేసిన విలాన్ అంటే లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం, అంతే. అవి కణం లోపలికెళ్లి డీఎన్‌ఏ మీద పనిచేస్తాయని వాళ్లంటారు. ఆ ఫలితాలు ఎక్కువగా వాళ్ల దగ్గర్నుంచే వచ్చాయి. పసిపిల్లలకు ఇవ్వడానికి అది చాలదు.

డాక్టరు ఇంజెక్షన్‌గా రాసే థైమోసిన్ ఆల్ఫా-1 వేరే. అది 28 ఆమ్లాలది. చైనాలో 1,100 మందికి పైగా సెప్సిస్ రోగుల మీద చేసిన పెద్ద ట్రయల్ ఫలితం 2025లో వచ్చింది. మరణాలు తగ్గలేదు.

ఆపరేషన్‌లో కొంత థైమస్ మిగిలితే అది మళ్లీ పెరిగిన పిల్లలున్నారమ్మా. టీకాలు వేసే ముందు థైమస్ తీశారన్న మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. తరచూ ఇన్‌ఫెక్షన్లు వస్తుంటే పిల్లల ఇమ్యునాలజీ డాక్టరుకు చూపించి టీ కణాల లెక్క చేయించమనండి.

పల్నాటి_అమ్మ:
చాలా థాంక్స్ బాబూ. వచ్చే చెకప్‌లో అడుగుతాను.

బెంచ్_కౌముది:
సిరి గారూ, ఒకటి మర్చిపోయాను. సీడీ8 కణాల సంఖ్య ఒక్కటే చూడకండి. సీడీ8 ఎంత మెరుస్తోంది, వీఆల్ఫా2 (ఓటీ-1 రిసెప్టర్‌లో ఒక భాగం) ఎంత ఉంది అని కూడా ఫ్లో సైటోమీటర్‌లో గేట్ చేయండి, అంటే వేరు చేసి లెక్కించండి. గట్టి పెప్టైడ్ పడినప్పుడు కొన్ని కణాలు సీడీ8 తగ్గించుకుని మిగులుతాయి. లెక్కలో అవి కూడా సీడీ8 కణాలే అవుతాయి, కానీ పనికొచ్చేవి కావు.

సిరి_ఇమ్యునో:
పాత బ్యాచ్ ఒక వయల్ ఫ్రీజర్‌లో ఉంది. సోమవారం ఆర్‌ఎంఏ-ఎస్ మొదలుపెడతాను, రెండు గ్రాఫులూ ఇక్కడే పెడతాను. రఘు గారూ, 26 డిగ్రీలకు వేరే ఇంక్యుబేటర్ లేదు, బీఓడీ ఇంక్యుబేటర్ సరిపోతుందా? అందులో కార్బన్ డయాక్సైడ్ ఉండదు కదా?

థైమస్_రఘు:
సరిపోతుంది. మీడియంలో హెపెస్ (ఆమ్లత్వం మారకుండా చూసే బఫర్) వేసి, ఫ్లాస్క్ మూత గట్టిగా బిగించండి.