పాత ఐరిష్‌లో రెండు రకాల ‘ఏ’ అచ్చులు ఉండేవా? నా రూల్స్ వరుస కుదరట్లేదు

ప్రాచీన కెల్టిక్ మాట ఇస్తే పాత ఐరిష్ రూపం వచ్చేలా పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాస్తున్నాను. మూడు రోజులుగా రెండు అచ్చుల రూల్స్ దగ్గరే ఇరుక్కుపోయాను.

ఒకటి: ఎ తర్వాత త్‌న్ గానీ త్‌ల్ గానీ వస్తే త్ రాలిపోయి ఎ కాస్తా ఏ అవుతుంది (పక్షికి వెల్ష్‌లో ఎడ్న్, ఐరిష్‌లో ఏన్). రెండు: పాత ఎయ్ నుంచి వచ్చిన ఏ, తర్వాతి హల్లు తాలవ్యం (య్ ఛాయతో పలికేది) కాకపోతే ఈఅ అవుతుంది (దీన్నే విరగడం అంటున్నాను). దేయ్వోస్ (దేవుడు) అలాగే దీఅ అయింది, షష్ఠిలో మాత్రం దే. మన దేవుడి మూలమూ అదే మాటలెండి.

ఒకటో రూల్ ముందు నడిపితే ఏన్ కూడా విరిగి ఈఅన్ అని చెత్త రూపం వస్తోంది. రెండోది ముందు పెడితే ఏన్, దీఅ, కెనేల్ (వంశం; త్‌ల్ ఉన్న మాట) అన్నీ సరిగ్గానే వస్తున్నాయి. కానీ లాటిన్ ఫ్రేనుం అరువొచ్చి స్రీఅన్ (కళ్లెం) అయిందంటే విరగడం ఆలస్యంగానే జరిగినట్టు, పైగా అతి పాత రాతల్లో ఈఅ ఉండాల్సిన చోట ఇంకా ఏ అనే ఉంది, కెనేల్‌లో త్ మాత్రం అప్పటికే పోయింది. అంటే ఈ వరుసా తప్పే.

రెండు ఏలకీ వేరు గుర్తులు పెట్టి చూశాను, అన్నీ వచ్చాయి, కానీ జవాబు చూసి లెక్క చేసినట్టుంది.

ఈఅ మార్పు కాకుండా, ఈ రెండు ఏల ఉచ్చారణ వేరని చూపించే సాక్ష్యం, ఒక్క మాటైనా సరే, ఏదైనా ఉందా?