మునికోలా, ములుకోలా?

వశిష్ఠ గట్టు
మా నాయనమ్మ మాట ఒకటి నాలుగు రోజులుగా బుర్రలోంచి పోవట్లేదు. ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచీ చంకన పెట్టుకుని ఆవిడ గుమ్మం దిగేసరికి తాతయ్య అరుగు మీద చుట్ట ముట్టించేవాడు. చర్చికి రాడు. ఎందుకు రావని ఎవరడిగినా జవాబుండదు. ఈవిడ వెనక్కి తిరక్కుండానే "తన్నుకో, మునికోలకి ఎదురు తన్నుకో" అనేసి వెళ్ళిపోయేది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 26:14, క్రైస్తవుల్ని హింసించడానికి దమస్కు పోతున్న సౌలుతో (తర్వాత పౌలు అయినవాడే) యేసు స్వరం "మునికోలలకు ఎదురు తన్నుట నీకు కష్టము" అన్న చోటు, అంతవరకూ సరే. ఇంట్లో ఉన్న బైబిల్లో 'ముని' అనే ఉంది, కానీ నా చెవిలో మాత్రం 'ములు' అని మోగుతోంది. ఏది సరైంది? ఇంకోటి, ఆవిడ ఆయన్ని తిట్టేదా, జాలిపడేదా?

పాలకొల్లు మాస్టారు
ములుకోల. ఎద్దుల్ని తోలే ముల్లున్న కోల, అంతే. ప్రసంగి 12:11 తీయండి: "జ్ఞానులు చెప్పు మాటలు ములుకోలలవలెను". ములుకుల్లాంటి మాటలని మనం అనుకునేదీ ఈ కుదురులోదే. మీ చెవి మంచిది. 'ముని' అచ్చులో జారినట్టుంది.

అంబాజీపేట అక్క
అచ్చు మీదకి తోసెయ్యకండి మాస్టారూ. మునివేళ్లు, మునిపళ్లు అంటాం కదా, అక్కడ ముని అంటే కొస, ముందు భాగం. కొసన పదునున్న కోల మునికోల. న్యాయాధిపతులు 3:31లో షమ్గరు ఆరువందలమందిని కొట్టింది 'మునుకోల' కర్రతో. ఒకే గ్రంథంలో ముని, మును, ములు మూడూ ఉంటే మూడూ జారాయంటారా?
సండేస్కూల్లో నేనైతే దమస్కు దారిలో సౌలుకి ఎవరో ముని ఎదురై కర్ర ఎత్తాడనే అనుకున్నాను. చాలా ఏళ్ళు ఆ మునికి గడ్డం కూడా ఉండేది.

కోనసీమ రైతు
ఆయ్, దీనికింత గొడవెందుకండి? ఊరంతా మునగకాయ అంటే మనం ములక్కాడ అంటాం. న, ల రెండూ చుట్టాలే. మా నాన్నకి ఇవేం తెలీవు, ముల్లుగర్ర అనేవాడు. సన్నటి కర్ర, కొసన మేకు. చెర్నాకోల వేరండి. అది పైనుంచి పడుద్ది, చప్పుడు చేసుద్ది. ముల్లుగర్ర చప్పుడు చెయ్యదు, దమ్ములో ఎద్దు మొరాయిస్తే తొడకి ఆనిస్తారు, అంతే. అప్పుడది తన్నిందా, మేకు ఇంకాస్త దిగుద్ది. పొడిచినవాడి కంటే తన్నిన ఎద్దే ఎక్కువ పొడుచుకున్నట్టు లెక్క.
నాకు అర్థం కానిది 'ఎదురు'. ఎద్దు వెనక్కి తంతుంది గదండీ?

పాలకొల్లు మాస్టారు
ములక్కాడ వాదం పులుసులో బాగుంటుంది, వ్యుత్పత్తిలో నిలబడదు. ఒక్క జంట చూపించి చుట్టరికం కలిపేస్తే ఎలా?
'ఎదురు' అంటే దిక్కు కాదు, ప్రతిఘటన. ఎదురు చెప్పడం, ఎదురు తిరగడం లాంటిది. అదే కార్యముల గ్రంథం 7:51లో, యేసుని నమ్మినందుకు చంపబడ్డ స్తెఫను, తన్ని విచారించేవాళ్ళతో ఏమన్నాడు? ఎల్లప్పుడు పరిశుద్ధాత్మను "ఎదిరించుచున్నారు" అన్నాడు. ఆయన్ని రాళ్ళతో కొట్టినవాళ్ళు బట్టలు పెట్టింది సౌలు పాదాల దగ్గరే. ఆ 'ఎదిరించు'కీ ఈ 'ఎదురు'కీ తెలిసే ముడి వేశారని నా నమ్మకం. ఆ రోజు మొదలైన పోటే దమస్కు దారిలో తేలింది.

గ్రీకు గాలి
మాస్టారూ, ఆ ముడి తెలుగులోనే ఉంది. మూలంలో అక్కడో మాట, ఇక్కడో మాట. పైగా ఇది గ్రీకుల పాత సామెత. యూరిపిడీస్ నాటకంలో డయోనైసస్ దేవుడు తనని ఒప్పుకోని పెంథియస్ రాజుతో అనేది దాదాపు ఇదే. మనిషివి, దేవుడితో పోట్లాడి గెలవలేవని భావం. అంతరాత్మ పొడుస్తోందన్న అర్థం సామెతలో లేదు. ధర్మశాస్త్రం విషయంలో తాను అనింద్యుణ్ణని పౌలే ఫిలిప్పీ 3:6లో చెప్పుకున్నాడు. అలాంటివాడికి ముందునుంచీ పోటెక్కడిది?
ఇంకో వింత. ఆ స్వరం హెబ్రీభాషలో పలికిందంటాడు పౌలు, పలికింది గ్రీకు సామెత. 9, 22 అధ్యాయాల్లో ఇదే కథ చెప్పినప్పుడు మన బైబిల్లో కోల ఊసే లేదు. 26లో, ఖైదీగా అగ్రిప్ప రాజు ముందు చెప్పినప్పుడే వచ్చింది.

అంబాజీపేట అక్క
అనింద్యుణ్ణి అనుకునేవాడికే పోటు తగలాలి. లేకపోతే అంత కోపం ఎందుకు? వద్దనుకున్నవాడు ఊరుకుంటాడు. గుర్రం కట్టుకుని దమస్కు దాకా పోడు.

గ్రీకు గాలి
గుర్రం ఎక్కడుందక్కా? బొమ్మల్లో ఉంది, వచనంలో లేదు.

అంబాజీపేట అక్క
సరే, గుర్రం దింపేశాను. మాట అలాగే ఉంది.

పాలకొల్లు మాస్టారు
ఆ రెండు మూడు అధ్యాయాల్లోనే అన్ని రకాల ఎదురుతన్నులూ ఉన్నాయి. 24లో రోమా అధిపతి ఫేలిక్సు పౌలు మాటలకి భయపడి, సమయం దొరికినప్పుడు పిలిపిస్తాలే అంటాడు. ఇవాళ్టికీ ఎక్కువమంది చేసేది అదే, వాయిదా. 26లో అతని తర్వాత వచ్చిన అధిపతి ఫేస్తు "అతి విద్యవలన" నీకు వెఱ్ఱి పట్టిందంటాడు, అది చదువుకున్నవాడి చిన్నచూపు. అగ్రిప్ప నవ్వులాటలోకి దింపి లేచిపోతాడు. ముగ్గురూ కుర్చీలున్నవాళ్ళే. నమ్మితే కుర్చీ దిగాలి. వాదంలో ఓడిపోతామని కాదు, అధికారం పోతుందని జంకు.

గట్టు మీద నాస్తికుడు
రుజువు చాలక నమ్మనివాడు ఒక్కడైనా ఉండడా మాస్టారూ? నాకు కుర్చీ లేదు, ప్లాస్టిక్ స్టూలుంది. నమ్మని ప్రతివాడిలో ఏదో పోటు దాగి ఉందనడం చాలా సుఖమైన వాదం, ఎవడూ తప్పని నిరూపించలేడు. ఆ మాటకొస్తే తోలేవాడి చేతిలో మేకుంది, పశువు తన్నింది. తప్పు పశువుదా?

కోనసీమ రైతు
తప్పు మాట తర్వాతండి. ముల్లుగర్ర ఎవరి ఎద్దుకి తగులుద్ది? మన కాడి కింద ఉన్నదానికే. దారిన పోయే ఎద్దుని ఎవడు పొడుస్తాడు?

గట్టు మీద నాస్తికుడు
కాడి వేసుకోమని నేనడగలేదుగా. అయినా ఈ మాట బాగుంది, రాసుకుంటున్నాను.

వశిష్ఠ గట్టు
తాతయ్య రుజువు దగ్గరా ఆగలేదు, కుర్చీ దగ్గరా ఆగలేదు. మా పెద్దనాన్న ఏడేళ్ళవాడు జ్వరంతో పోతే, సమాధి దగ్గర సంఘంలో ఓ పెద్దమనిషి "ఈ ఇంట్లో విశ్వాసం చాలలేదు" అన్నాడట. ఆ మట్టి చేతులతోనే తాతయ్య ఇంటికొచ్చేశాడు. చుట్ట అలవాటు ఆ తర్వాతదే. భోజనం ముందు మాత్రం, నాయనమ్మ చూడనప్పుడు, కళ్ళు మూసుకునేవాడు.

అంబాజీపేట అక్క
అయ్యో. అలాంటి పోటు పొడిచింది దేవుడు కాదమ్మా, పక్క ఎద్దు కొమ్ము. రెంటికీ తేడా తెలీక ఎంతమంది బయటే ఉండిపోయారో.
జాషువా గుర్తొచ్చాడు. ఆయన కావ్యం 'గబ్బిలం'లో ఆ అరుంధతీ సుతుడికి, అంటే గుడిలోకి రానివ్వని దళితుడికి, శివుడితో పేచీ లేదు, గుమ్మం దగ్గర ఆపేవాళ్ళతోనే. తనకి లేని ప్రవేశం గబ్బిలానికుందనే దాని చేత కబురంపాడు. ఇటు క్రైస్తవుల చేతా మాటలు పడ్డాడు, అయినా 'క్రీస్తు చరిత్ర' రాశాడు. 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి దానికే.

పాలకొల్లు మాస్టారు
జాషువా అనేసరికి గుంటూరోళ్ళ సొత్తనుకుంటారు. మన రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివిన మనిషి. ఆ గొంతులో పద్యం ఎలా ఉండేదో!

గ్రీకు గాలి
దారి తప్పుతున్నాం. ఇంతకీ కోల?

పాలకొల్లు మాస్టారు
తప్పలేదు. సంస్కృతంలో దీన్ని తోత్రం అంటారు. భాగవతంలో భీష్ముడు ప్రాణం విడిచే ముందు తలుచుకునే కృష్ణుడు "ఆత్తతోత్రే", చేత తోత్రం పట్టిన సారథి. అక్కడ పోటు తినేవి గుర్రాలు, మాట వినాల్సింది అర్జునుడు. ఇక పోతనగారు దీన్ని...

అంబాజీపేట అక్క
మాస్టారు పోతన వైపు మళ్ళితే తెల్లారిపోతుంది. ఆ చర్చ వేరే పెట్టండి.

వశిష్ఠ గట్టు
ఇప్పుడే మా మేనత్తకి ఫోన్ చేశాను. నాయనమ్మ మునికోలా అనలేదు, ములుకోలా అనలేదు, 'ముల్లుగర్ర' అనేదిట. పైగా 'ఎదురు' కూడా కాదట. "ఎగిరి తన్నుకో" అనేదిట.

పాలకొల్లు మాస్టారు
అత్తయ్యగారికి చెవి సరిగ్గా వినిపిస్తుందా? 'ఎదురు' లేకపోతే స్తెఫను ముడి ఊడిపోతుంది.

కోనసీమ రైతు
'ఎగిరి' అయితే ఎద్దు కాదండీ అది, దూడ.