పోతన చల్ది: చలి నుంచా, చల్ల నుంచా?

గోదారిగట్టు: పోతన భాగవతంలో కృష్ణుడు గొల్లపిల్లలతో కూర్చుని చల్ది తినే పద్యంలో ఒక పాదం రెండ్రోజులుగా వేధిస్తోంది. “మీగడ పెరుగుతో మేళవించిన చల్ది, ముద్ద … చేత మొనయ నునిచి”. ఆ మధ్యలో ఉన్నది డాచేతా, డాపలిచేతా? (రెండిటికీ అర్థం ఎడమచేయే.) పేగుల్లోని బ్యాక్టీరియాకీ ఒంటి బరువుకీ ఉన్న సంబంధం మీద కాలేజీ పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను, తలమీద ఈ పాదం పెడదామని ఆశ. అసలు సందేహం ఏమిటంటే, ఇక్కడ చల్ది అంటే రాత్రి అన్నమేనా?

ఛందోప్రియ: డాపలిచేత. గణాలు, అంటే గురులఘువుల కూర్పులు, లెక్కపెట్టండి: ‘ముద్దడా’ రగణం, ‘పలిచేత’ సలం, ‘మొనయ’, ‘నునిచి’ రెండూ నగణాలు. డాచేత అంటే పాదం చివర కూలిపోతుంది. ఇక చల్ది అసలు రూపం చలిది, చలి నుంచి వచ్చింది. ‘మేళవించిన’ చివరి అక్షరాలతో కలిపి ‘చినచలిది’ అంటే గణం కుదరదు, ‘చినచల్ది’ అంటే సలం చక్కగా పడుతుంది. అర్థం పర్యుషితాన్నం, అంటే రాత్రి మిగిలిన అన్నం. ఇందులో వాదానికి చోటెక్కడుంది?

మజ్జిగతేట: ఉందండీ. ‘చినచద్ది’ అన్నా సలమే, కాబట్టి ఛందస్సు మీకు సాక్ష్యం చెప్పదు. చల్ల, అంటే మజ్జిగ, పోసి ఊరబెట్టిన కూడు చల్ది. రాత్రి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, చుక్క మజ్జిగ తోడు వేసి మూత పెడితే తెల్లారేసరికి గడ్డకట్టి పుల్లటి వాసన కొడుతుందే, అది.

ఛందోప్రియ: చల్లే అయితే రెండో లకారం ఏమైంది? పైగా ముందే చల్ల ఉన్నదానికి మళ్ళీ మీగడ పెరుగు ‘మేళవించడం’ దేనికి? పోతన ఒక్క మాట కూడా ఊరికే వాడడు.

ఓరుగల్లు: మా దిక్కు సద్ది అంటే పాచి అన్నమే కానక్కర్లేదు. పొలం పోతూ కట్టుకపోయేది సద్ది. సద్దుల బతుకమ్మ నాడు పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, చింతపండు పులిహోర అన్నీ ఆ రోజు వండినవే. గొల్లపిల్లలవి కూడా పొద్దున వండి కట్టిచ్చిన మూటలు కావచ్చు. “ఎండన్ మ్రగ్గితి రాఁకటం బడితి రింకేలా విలంబింపఁగా, రండో బాలకులార! చల్ది గుడువన్” అన్నడు కద. పొద్దెక్కేదాకా చల్లారిన బువ్వ అది.

సూక్ష్మదర్శిని: నా వృత్తి సూక్ష్మజీవశాస్త్రం. వ్యాసం రాసేవారికి ఒక్క మనవి: ‘చద్దన్నం తింటే సన్నబడతారు’ అని మాత్రం రాయకండి.

పేగు బ్యాక్టీరియా మీద పరిశోధించే జెఫ్రీ గోర్డన్ బృందం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒంట్లో సూక్ష్మజీవి అన్నదే లేని ఎలుకలను పెంచింది. వాటికి మామూలు ఎలుకల పేగుల్లోని బ్యాక్టీరియాను ఎక్కిస్తే, మునుపటికంటే తక్కువ తిన్నా రెండు వారాల్లో ఒంటి కొవ్వు 60 శాతం దాకా పెరిగింది. ఇది 2004 నాటి ఫలితం. 2013లో అదే బృందం ఒకరు లావు, ఒకరు సన్నం అయిన కవలల మలం నుంచి తీసిన బ్యాక్టీరియాను అలాంటి ఎలుకలకే ఇచ్చింది. లావు మనిషివి అందుకున్న ఎలుకలకు కొవ్వు పట్టింది. రెండు రకాల ఎలుకలనూ ఒకే పంజరంలో ఉంచితే సన్నవారి బ్యాక్టీరియా అవతలి వాటిలోకి చేరి కొవ్వు పట్టకుండా ఆపింది. మేతలో పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్నప్పుడే ఇది జరిగింది. నన్ను ఎప్పుడూ ఆపేసేది ఈ షరతే. మంచి బ్యాక్టీరియా వచ్చినా దానికి మేత లేకపోతే నిలవదు.

మనుషుల దగ్గరికొస్తే కథ ఇంత సూటిగా లేదు. 2012లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మెటబాలిక్ సిండ్రోమ్ (నడుము కొవ్వు, బీపీ, రక్తంలో చక్కెర లాంటివి కలిసి పెరిగే స్థితి) ఉన్న మగవారికి సన్నవారి మలాన్ని పేగుల్లోకి ఎక్కించారు. ఆరు వారాల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది, బరువు మాత్రం మారలేదు.

మీ తగాదాలో రెండు పక్షాలూ నాకు కావాలి. చలి పక్షం: వండిన అన్నం చల్లారితే పిండిపదార్థంలో కొంత మళ్ళీ బిగుసుకుని చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు తిండి. ప్రొపియొనేట్ లాంటివి ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలకు తోడ్పడతాయి. ఇప్పుడు బరువు తగ్గడానికి వేసుకుంటున్న సెమాగ్లూటైడ్ ఇంజక్షన్ అనుకరించేది దాన్నే. చల్ల పక్షం: పెరుగులోని లాక్టిక్ బ్యాక్టీరియా. అవి చాలావరకు వచ్చిపోయే చుట్టాలు, కాపురం పెట్టవు. గిన్నెడు చద్దన్నంలో ఆ బిగుసుకున్న పిండి తక్కువే, దానితో బరువు తూకం మారుతుందని చెప్పలేం.

మజ్జిగతేట: చుట్టాలైనా సరే, చల్ల ఉందని ఒప్పుకున్నారు!

ఛందోప్రియ: ఆవిడ చెప్పింది పేగుల సంగతి, వ్యుత్పత్తి సంగతి కాదు. సంస్కృత భాగవత మూలం చూడండి: “వామే పాణౌ మసృణకవలం తత్ఫలాన్యంగులీషు”. వ్యాసుడి దగ్గర ఉన్నది ఎడమచేతిలో మెత్తటి కబళం, వేళ్ళ నడుమ పండ్లు, అంతే. మీగడ లేదు, పెరుగు లేదు, చల్ది లేదు. ఇవన్నీ పోతన ఇంటి వంట. డాపలిచేతికి ‘వామే పాణౌ’ కూడా సాక్ష్యమే.

ఓరుగల్లు: పండ్లను ఊరుగాయలు చేసిండు చూడండి, అక్కడ నాకు ప్రాణం లేచొస్తది. “చెలరేఁగి కొసరి తెచ్చిన యూరుగాయలు”. ఆ ‘కొసరి’ ఒక్క మాటకు ఆస్తి రాసియ్యొచ్చు. చివరి ఆటవెలది కూడా చదవండి: “యాగభోక్త కృష్ణుఁ డమరులు వెఱఁగంద, శైశవంబు మెఱసి చల్ది గుడిచె”. హవిస్సులు తినేటోడు సద్ది తింటుంటే దేవతలు నోరు తెరిచి చూస్తున్నరు.

గోదారిగట్టు: అందరికీ నమస్కారాలు. డాపలిచేత ఖాయం చేసుకున్నాను. సూక్ష్మదర్శిని గారూ, పంజరం ఎలుకల సంగతి, ఆ మేత షరతుతో సహా, వ్యాసంలో వాడుకుంటాను. చలి, చల్ల తేలేదాకా పాదం కింద అర్థం రాయను.

మజ్జిగతేట: తేలుతుంది. పోతనకు ముందు కవుల్లో చలిది అన్న రూపం ఎక్కడుందో ఛందోప్రియ గారు పద్యంతో సహా చూపించాలి.

ఛందోప్రియ: చూపిస్తాను, సాయంత్రం దాకా ఆగండి. ఈలోగా ఓరుగల్లు గారు ‘కొసరి’ సంగతి చెప్పాలి. తల్లిని అడిగి తెచ్చుకున్నవా, నేస్తాల మూటల్లోంచి లాగినవా? పక్కనే ‘చెలరేఁగి’ ఉంది కాబట్టి నేను తల్లి దగ్గరే అంటాను. నేస్తాల దగ్గర కొసరడమేమిటి, లాక్కోవడమే.