పన్ను ఆరేకొద్దీ ఫ్లోరోసెన్స్ రీడింగ్ మారుతోంది, ఎక్కడ ఆపి కొలవాలి?

పీకిన ప్రీమోలార్‌ను (కోరపన్ను వెనక ఉండే చిన్న దవడపన్ను) లాక్టిక్ యాసిడ్‌లో (పీహెచ్ 4.5) 72 గంటలు ఉంచి వైట్ స్పాట్ (ఖనిజం పోయి తెల్లబడిన మచ్చ) తెప్పించాను. 405 నానోమీటర్ల ఊదా ఎల్ఈడీతో వెలుగు వేసి, 520 నానోమీటర్లకు పైని కాంతినే వదిలే లాంగ్‌పాస్ ఫిల్టర్‌తో ఫొటో తీస్తున్నాను. మంచి ఎనామెల్ (పన్ను పైపొర) ఆకుపచ్చగా మెరుస్తోంది (ఈ మెరుపే ఫ్లోరోసెన్స్), ఖనిజం పోయినచోట నల్లగా కనిపిస్తోంది. అంతవరకు బాగానే ఉంది.

నీళ్లలోంచి తీయగానే, మంచి ఎనామెల్‌తో పోలిస్తే మచ్చలో ఫ్లోరోసెన్స్ తగ్గుదల 9 శాతం. గాలి కొట్టిన 15 సెకన్లకు 16, నిమిషానికి 21. రంధ్రాల్లో నీటి బదులు గాలి చేరితే కాంతి ఎక్కువ చెదురుతుంది, సరే; కానీ అంకె ఎక్కడా నిలవదే!

ప్లాక్ (పంటిమీది బ్యాక్టీరియా పాచి) ఎరుపు మెరుపు అడ్డురాకుండా ప్యూమిస్ పొడితో తోమాను. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి రా ఫైల్సే వాడుతున్నాను. పక్కనున్న ఫ్లోరోసెంట్ ప్లేటు రీడింగ్ కదలట్లేదు, కాబట్టి లైటు తప్పు కాదు.

రీమినరలైజేషన్‌కు (పోయిన ఖనిజాన్ని తిరిగి చేర్చడం) ముందూ తర్వాతా పోల్చడానికి పన్నును తడిగానే కొలవాలా, ఆరబెట్టాలంటే ఎన్ని సెకన్లు?